స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసా, ఫోన్ యాపా, పక్క గది స్నేహితుడా: ఏది మేలు?

డిగ్రీ అయిపోయింది. ఇంగ్లీష్ పేపర్ చదివితే అర్థమవుతుంది, మెయిల్ వస్తే జవాబు రాయగలరు. ఇంటర్వ్యూలో 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అనగానే మాత్రం గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది. ఈ పోలిక వాళ్ళ కోసం. అక్షరాల దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సిన వాళ్ళ సంగతి వేరు, వాళ్ళు నేరుగా మంచి టీచర్ దగ్గరికే వెళ్ళాలి.

వీళ్ళకు ఇంగ్లీష్ తెలియక కాదు, తెలిసింది సమయానికి నోటికి రాదు. ముందు తెలుగులో వాక్యం అనుకుని, చివర్న ఉన్న క్రియను మధ్యలోకి తెచ్చి, 'డిడ్' తర్వాత 'గో' అనాలా 'వెంట్' అనాలా అని తేల్చుకునేలోపు ఎదుటివాళ్ళు తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతారు. దానికి తోడు, తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనన్న బెరుకు. ఆలస్యం, బెరుకు. ఏ దారైనా ఈ రెండింటినీ ఎంత తగ్గిస్తుందో చూసే ఎంచుకోవాలి.

ముందు క్లాసు. హైదరాబాద్‌లో అయితే అమీర్‌పేట, మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులకు కొదవ లేదు. డెమో క్లాసు బాగానే ఉంటుంది, సార్ గలగలా మాట్లాడతారు. చిక్కు అక్కడే ఉంది. గంట క్లాసులో సార్ అరగంట మాట్లాడి, మిగతా అరగంట ముప్పై మందికి సమానంగా పంచినా తలా ఒక్క నిమిషం. నెలకు పాతిక క్లాసులనుకుంటే నోరు తెరిచేది అరగంటకు లోపే. ఫీజు మాత్రం నెల మొత్తానికి. అయినా ఒక మేలుంది: నలుగురి ముందు లేచి నిలబడి తప్పులతోనే మాట్లాడి, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదని కళ్ళారా చూస్తే సగం బెరుకు పోతుంది. అందుకోసం ఒక నెల వెళ్ళొచ్చు. బ్యాచ్‌లో పదిమందికి మించి ఉంటే రెండో నెల దండగే.

సిరీస్‌లు, యూట్యూబ్ వీడియోలు చూస్తే అదే వస్తుందనేవాళ్ళు చాలామంది. చెవికి మంచిదే. నోటికి చాలదు. 1965లో కెనడాలోని సెయింట్ లాంబర్ట్ అనే ఊళ్ళో, ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడే పిల్లలకు బళ్ళో ఫ్రెంచ్‌లోనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆ పద్ధతి దేశమంతా పాకింది. అలా ఏళ్ళ తరబడి చదివిన పిల్లలు ఫ్రెంచ్ వినడంలో, చదవడంలో చక్కగా రాణించారు. మాట్లాడేటప్పుడు మాత్రం వ్యాకరణం తడబడింది. వినడం ఒక్కటే సరిపోదు, తామే మాటలు కూర్చుకుని చెప్పాల్సిన అవసరం పడాలని మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు 1985లో వాదించింది ఈ పిల్లల్ని చూసే. మన ఊళ్ళల్లో పదేళ్ళు ఇంగ్లీష్ మీడియంలో చదివి కూడా నోరు విప్పని పిల్లల్ని చూసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యపోయేదేమీ ఉండదు.

ఇక ఫోన్‌లో ఏఐతో మాట్లాడే యాప్‌లు. అర్ధరాత్రి ఒంటిగంటకు మాట్లాడినా విసుక్కోవు, నవ్వవు. రూమ్‌లో మనుషుల ముందే నోరు పెగలని వాళ్ళకు మొదటి రెండు వారాలు ఇంతకంటే మంచి తోడు దొరకదు. కానీ ఆ ఓపికే దాని లోపం కూడా. మీరు ముక్కలు ముక్కలుగా చెప్పినా అది అర్థం చేసుకుని సంభాషణ నడిపించేస్తుంది. హెచ్‌ఆర్ మేడమ్ అలా నడిపించదు. పైగా టెన్షన్ వస్తే యాప్ మూసేయొచ్చు, ఇంటర్వ్యూలో ఆ సౌకర్యం ఉండదు.

నా ఓటు పక్క గది స్నేహితుడికి. ఊరికే కూర్చుని కబుర్లాడమని కాదు, అలా అయితే పది నిమిషాల్లో ఇద్దరూ తెలుగులోకి దిగిపోతారు. న్యూజిలాండ్‌లో పనిచేసిన భాషా బోధకుడు పాల్ నేషన్ బాగా ప్రచారంలోకి తెచ్చిన 4-3-2 పద్ధతి ఒకటుంది. ఒకే విషయాన్ని మొదట నాలుగు నిమిషాలు చెప్పాలి, తర్వాత అదే మూడు నిమిషాల్లో, ఆ తర్వాత రెండు నిమిషాల్లో. ప్రతిసారీ వినేవాళ్ళు మారాలి. ముగ్గురు దొరక్కపోతే ఒకసారి రూమ్మేట్‌కి, ఒకసారి ఫోన్‌లో తమ్ముడికి, చివరిసారి రికార్డర్‌కి చెప్పండి.

గుంటూరు వైపు అబ్బాయి కల్లంలో మిర్చి ఎలా ఆరబెడతారో చెబుతున్నాడనుకుందాం. మొదటిసారి 'దెన్... దెన్ వాట్ వీ డూ ఈజ్...' అంటూ సగం సమయం వెతుకులాటే. తాలుకాయలు ఏరేయడం గురించి చెప్పబోయి మాట దొరక్క ఆగిపోతాడు. రెండోసారికి 'వీ రిమూవ్ ద బ్యాడ్ వన్స్' అని సర్దుకుంటాడు. మూడోసారికి ఏం చెప్పాలన్న వెతుకులాట పోయి, ఎలా చెప్పాలన్నదే మిగులుతుంది. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో నిమిషం పాటు మాట్లాడమనే జామ్ రౌండ్‌కి ఇంతకు మించిన సాధన నాకు కనబడలేదు. ఇద్దరూ చేస్తే రోజుకు ఇరవై నిమిషాల పని, అందులో తొమ్మిది నిమిషాలు మీ నోరే ఆడుతుంది. క్లాసులో దానికి తొమ్మిది రోజులు పడుతుంది.

దీనికీ లోటుంది. ఇద్దరిదీ ఒకే రకం ఇంగ్లీష్ అయితే 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' అని ఒకరంటే రెండోవారు తలూపుతారు, ఆ తప్పు అలాగే గట్టిపడుతుంది. యాప్ అసలు ఉపయోగం ఇక్కడే. చివరి రెండు నిమిషాల రికార్డింగ్ విని, అన్నదన్నట్టు రాసి, తప్పులు చెప్పమని దాన్నే అడగండి. వచ్చిన జాబితాలో ఒక్కటే ఎంచుకుని మర్నాడు సరిచేసుకుంటే చాలు. పది తప్పులూ ఒకేసారి దిద్దుకోవాలని కూర్చుంటే మళ్ళీ నోరు మూతపడుతుంది.

విదేశాలకు వెళ్ళే నర్సుల విషయంలో మాత్రం నా మాట మారుతుంది. వైద్యరంగంలో పనిచేసేవాళ్ళ ఇంగ్లీష్‌ను పరీక్షించే ఓఈటీలో రెండు రోల్‌ప్లేలుంటాయి: ఇచ్చిన సందర్భాన్ని మూడు నిమిషాలు చూసుకుని, ఐదు నిమిషాల పాటు రోగితోనో వాళ్ళ బంధువుతోనో మాట్లాడాలి. భయపడే రోగిగా, అడ్డు ప్రశ్నలు వేసే బంధువుగా నటించడం రూమ్మేట్ వల్ల కాదు. అక్కడ అనుభవమున్న ట్రైనర్ ఉన్న చిన్న బ్యాచ్‌కి డబ్బు పెట్టడమే మేలు. చేరేముందు వారానికి ఎన్ని రోల్‌ప్లేలు మీతో చేయిస్తారో అడిగి, లెక్క తేల్చుకున్నాకే ఫీజు కట్టండి.