లోడ్ గేజ్‌తో నాలుగేళ్లు: ఇరుసుల మీద బరువు సర్దుకోవడంలో నా అనుభవం

నేను లాస్ ఏంజెలెస్, శాక్రమెంటోల మధ్య 53 అడుగుల డ్రై వ్యాన్ (మూసిన పెట్టెలాంటి) ట్రైలర్ లాగుతాను. నాలుగేళ్ల క్రితం నా ట్రక్కు డ్రైవ్ ఇరుసుల (ఇంజిన్ తిప్పే వెనక ఇరుసుల) ఎయిర్ సస్పెన్షన్‌కు, అంటే బరువు మోసే గాలి సంచుల అమరికకు, ఒక సాదా ముల్లు గేజ్ బిగించుకున్నాను. బరువు పెరిగినకొద్దీ ఎయిర్ బ్యాగుల్లో పీడనం పెరుగుతుంది కనుక, ఆ అంకెను పౌండ్లలోకి మార్చుకుంటే సరిపోతుంది. ఖాళీ ట్రైలర్‌తో ఒకసారి, నిండు లోడుతో మరోసారి ట్రక్ స్టాప్‌లో కాటా ఎక్కి, చీటీల మీద గేజ్ రీడింగ్ రాసుకున్నాను. డ్రైవ్ ఇరుసుల మీద 13,000 పౌండ్ల దగ్గర 18 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో పీడనం), 34,000 దగ్గర 58 పీఎస్‌ఐ వచ్చింది. ఈ లెక్క నా బండికి మాత్రమే వర్తిస్తుంది.

గత వేసవిలో ఒక గోదాములో నీళ్ల సీసాల ప్యాలెట్లను ట్రైలర్ ముందు గోడకు ఆనించి దగ్గర దగ్గరగా పేర్చారు. సరుకు ఎక్కించే డాక్ నుంచి చదునైన చోటికి లాగి చూస్తే ముల్లు 62 మీద నిలిచింది. కాటా మీద ముందు ఇరుసుకు 11,800, డ్రైవ్ ఇరుసులకు 36,200, ట్రైలర్ ఇరుసులకు 31,400 వచ్చాయి. మొత్తం 80,000 లోపే ఉన్నా, డ్రైవ్ ఇరుసుల్లాంటి జంట ఇరుసులకు అనుమతించే 34,000 దాటిపోయింది. ట్రైలర్ బ్రేకులు పట్టి ఉంచి, ట్రైలర్ చక్రాల చట్రాన్ని రంధ్రాల్లో బిగించి ఉంచే పిన్నులు విడిపించి, ట్రక్కును మెల్లగా వెనక్కి నడిపి ట్రైలర్ చక్రాలను ఆరు రంధ్రాలు ముందుకు జరిపాను. నా ట్రైలర్‌లో రంధ్రానికీ రంధ్రానికీ 6 అంగుళాల దూరం ఉంటుంది, ముందుకు జరిపిన ఒక్కో రంధ్రం సుమారు 400 పౌండ్లను డ్రైవ్ ఇరుసుల నుంచి ట్రైలర్ ఇరుసులకు మారుస్తుంది. రెండో చీటీలో రెండు జతలకూ 33,800 చొప్పున వచ్చింది. పిన్నులన్నీ పూర్తిగా దిగాయో లేదో టార్చి వేసి చూసుకొన్న తర్వాతే కదిలాను.

చిన్నప్పుడు ఎడ్లబండిలో బస్తాలు వెనక్కి పేరిస్తే కాడి లేచిపోయేది, ముందుకు పేరిస్తే ఎడ్ల మెడలు వంగిపోయేవి; ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే కింగ్‌పిన్ మీద జరిగేదీ అదే. డ్రైవ్ ఇరుసులు మరీ తేలికైతే తడి రోడ్డు మీద ఎక్కుడులో చక్రాలు పట్టు తప్పి తిరుగుతాయి. అందుకే వీలైనప్పుడల్లా, చట్టపరిమితి లోపలే, ట్రైలర్ కంటే డ్రైవ్ ఇరుసుల మీద వెయ్యి పౌండ్లు ఎక్కువ ఉంచుతాను. అలా ఉంటే నా దారిలోని గ్రేప్‌వైన్ అనే కొండదారి దిగుడులో బండి నిలకడగా దిగుతుందన్నది నా అనుభవం. వెనక బరువెక్కితే చక్రాలను వెనక్కి జరపాలి, కానీ క్యాలిఫోర్నియాలో కింగ్‌పిన్ నుంచి చివరి ఇరుసు దాకా 40 అడుగులు మించకూడదు. అప్పుడు సరుకును మళ్లీ పేర్చమని అడగడం తప్ప దారి లేదు. ఆ మాట డాక్ దగ్గరే చెప్పగలగడం వల్ల ఈ గేజ్ నాకు ఎన్నో గంటలు మిగిల్చింది.

లోపాలూ ఉన్నాయి. గీతకూ గీతకూ మధ్య 2 పీఎస్‌ఐ, అంటే వెయ్యి పౌండ్లకు పైనే తేడా. వాలు మీద నిలిపినా, బ్రేకులు పట్టి ఉన్నా తప్పు అంకె చూపిస్తుంది. చదునైన చోట బ్రేకులు వదిలి ఒక నిమిషం ఆగాలి. ట్రైలర్ బరువును, స్ప్రింగ్ పట్టీల మీదున్న ముందు ఇరుసు బరువును ఇది చూపించదు. ట్యాంకులు నింపితే 200 గ్యాలన్ల డీజిల్ దాదాపు 1,400 పౌండ్లు అదనమవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. అందువల్ల ముల్లు 56 దాటితే నేను కాటా ఎక్కకుండా హైవే ఎక్కను.