డిజైన్ లైసెన్సు కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి, నేను మునిగాను

పేరు రాయను. మన ప్లాస్టిక్ సామాన్ల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ కొత్త డిజైన్ల ఫొటోలు పెట్టి "ఎక్స్‌క్లూజివ్, ఒక్కరికే" అని ఊరించే పెద్దమనిషి ఎవరో మీలో సగంమందికి తెలుసు. తామరపువ్వు ఆకారం పోపుల పెట్టె డిజైన్ ఆయనది, దాన్ని తయారుచేసి అమ్ముకోడానికి ఆయన దగ్గర ఐదేళ్ల లైసెన్సు కొన్నా. మూడు లక్షలు. పెట్టె పోసే అచ్చుకి, అదే డైకి, ఇంకో ఆరు. ఆయన చూపించిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అసలుదే, బుర్ర లేనిది నాకే.

మొన్న శనివారం బేగంబజార్‌లో అదే పెట్టె వేరేవాళ్ల పేరుతో, నా రేటు కన్నా నలభై తక్కువకి వేలాడుతోంది. రేకుల లెక్క కూడా మార్చలేదు మహానుభావులు. లాయర్ దగ్గరికి పరుగెత్తితే మొదటి ప్రశ్నే "అగ్రిమెంటు కోల్‌కతా డిజైన్ ఆఫీసు రిజిస్టర్‌లో ఎక్కించారా?" అని. నోటరీ చేయించాం సార్ అన్నా, గర్వంగా. ఆయన నవ్వలేదు, అప్పుడే భయమేసింది.

సంగతేంటంటే, 2000 నాటి డిజైన్ల చట్టం సెక్షన్ 30 ప్రకారం లైసెన్సు రాసుకున్న ఆరు నెలల్లో అక్కడ అప్లికేషన్ పెట్టాలి, అడిగితే మహా అయితే ఇంకో ఆరు నెలలు ఇస్తారు. లేదంటే ఆ లైసెన్సే చెల్లదు. రిజిస్టర్‌కి ఎక్కని కాగితాన్ని మామూలుగా కోర్టు సాక్ష్యంగానూ తీసుకోదు. నాది పద్నాలుగో నెల! ఇక కాపీ కొట్టినవాడి మీద దావా వేసే హక్కు సెక్షన్ 22లో రిజిస్టర్డ్ యజమానికి ఇచ్చారు, అంటే ఆ పెద్దమనిషికి. కాపీరైట్ చట్టంలో అయితే ఎక్స్‌క్లూజివ్ లైసెన్సీ, అంటే ఒక్కడికే అని లైసెన్సు పుచ్చుకున్నవాడు, కూడా యజమానితో సమానమే, యజమానిని కేసులో చేర్చి తనే వేసుకోవచ్చు. బ్రిటన్‌లో 1988 చట్టం కింద డిజైన్ హక్కుకీ అంతేనట, ఇద్దరికీ హక్కు ఉంటుంది, కాపీవాడి లాభం కక్కిస్తే కోర్టే ఇద్దరికీ పంచుతుందట. అది విని ఇంకా మండింది.

సరే, యజమాని ఉన్నాడుగా అని ఫోన్ చేశా. "అన్నా, మీ పేరు మీద కేసు వేద్దాం, ఖర్చంతా నాదే, సంతకం పెట్టండి చాలు."

"వాళ్ల సంగతి ఎప్పుడో అయిపోయింది తమ్ముడూ. నోటీసు పంపా, వచ్చి సెటిల్ చేసుకున్నారు."

నాకు చెప్పకుండానా? నా మార్కెట్ పోయినందుకు ఈయన డబ్బు తీసుకున్నాడా? "ఒక్కరికే అన్నారు కదన్నా" అంటే ఆయన అన్న మాట వినండి: "ఒక్కరికే ఇచ్చా. వాళ్లకి లైసెన్సు ఇవ్వలేదుగా, వదిలేశా. నువ్వు అమ్ముకోడానికి కదా కొన్నావ్, అమ్ముకో, ఎవరాపారు?" అని, ఫోన్ పెట్టకుండానే పక్కన ఎవరికో టీ పెట్టమని చెప్తున్నాడు. నేను లైన్‌లోనే ఉన్నా వెర్రివాడిలా, చక్కెర తక్కువ వెయ్యమనేదాకా విన్నా.

ఆ "వదిలేశా"కి నా తొమ్మిది లక్షలు.

మీరు కొంటే, కాపీ వస్తే ఓనర్ కేసులో చేరి తీరాలని, మనకి చెప్పకుండా రాజీ పడకూడదని, వచ్చిన డబ్బులో మన వాటా ఎంతో అగ్రిమెంటులోనే రాయించండి. సంతకమైన వారంలోనే కోల్‌కతా అప్లికేషన్ వేయండి. నోటరీ స్టాంపు చూసి మురిసిపోకండి నాలాగ.

పొద్దున ఆయన స్టేటస్ చూశా. గరిటెల స్టాండ్. "ఒక్కరికే" అట.