అక్కి తగ్గాక మిగిలిన మంటకు మిరప క్రీమ్: ఏడాదికి పైగా వాడాక

అక్కి పొక్కులు ఎండి రాలిపోయినా కుడి డొక్క చుట్టూ మంట మాత్రం వదల్లేదు. చొక్కా తగిలినా భగ్గుమనేది. మూడు నెలలు దాటినా ఇలాగే ఉంటే పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారని న్యూరాలజిస్టు చెప్పారు. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరసే నరాల మూలాల్లో ఏళ్ల తరబడి దాక్కుని, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గాక అక్కిగా లేచి, ఆ నరాన్ని పాడుచేసి పోతుందట. మా అత్తయ్య ఊరుకోక కుమ్మరి చేత జాజుతో సింహం బొమ్మ కూడా రాయించింది. నొప్పి తగ్గలేదు గానీ ఆవిడకి మనశ్శాంతి దక్కింది.

నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్ మాత్ర పనిచేసింది. డోసు పెంచితే మాత్రం పగలంతా మత్తు, లేచి నిలబడితే తూలు. అందుకని డోసు అక్కడే ఆపి, పైపూతగా 0.075 శాతం కాప్సైసిన్ క్రీమ్ కలిపారు. మిరపకాయకు కారం ఇచ్చేది ఈ కాప్సైసినే. గుంటూరు జిల్లా వాడికి మంట తగ్గడానికి మిరపకాయ రాశారేమిటని ఇంట్లో అందరూ నవ్వారు.

కొనేటప్పుడే మొదటి చిక్కు. కాప్సైసిన్ అని అడిగితే చాలా షాపుల్లో డైక్లోఫెనాక్, మెంథాల్ కలిసిన కీళ్లనొప్పుల జెల్ చేతిలో పెడతారు. వాటిలో కాప్సైసిన్ ఉన్నా సాధారణంగా 0.025 శాతమే ఉంటుంది. నరాల నొప్పికి రాసేది వేరు. ట్యూబు వెనక శాతం చూడకుండా డబ్బులివ్వకండి.

మొదటి రెండు వారాలు నరకం, ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఉన్న మంట మీద ఇంకో మంట. క్రీమ్ రాసుకున్నాక వేణ్నీళ్ల స్నానం చేస్తే కేకలే. మా ప్రాంతపు ఎండల్లో చెమట పడితే పొద్దున రాసింది మధ్యాహ్నం మళ్లీ మండుతుంది. ఎక్కువమంది ఇక్కడే ట్యూబు పారేస్తారు. కానీ పని మొదలయ్యేది దాదాపు ఆ తర్వాతే.

ఎందుకలా అంటే, చర్మంలోని నరాల కొసల్లో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే ద్వారం ఉంటుంది. దాదాపు 43 డిగ్రీల వేడికి తెరుచుకునే ఆ ద్వారాన్ని కాప్సైసిన్ వేడి లేకుండానే తెరుస్తుంది. అందుకే కాలినట్టు అనిపిస్తుంది గానీ నిజంగా కాలదు. రోజూ అలా తెరుస్తూ పోతే ఆ కొసలు మొద్దుబారి, కొన్ని వెనక్కి తగ్గుతాయి. ఈ ద్వారాన్ని 1997లో కనిపెట్టింది అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. ఆపేస్తే కొసలు మళ్లీ పెరుగుతాయి కాబట్టి రోజుకు మూడు నాలుగు సార్లు, మానకుండా రాయాల్సిందే. పెళ్లికని ఊరెళ్లి కొన్నాళ్లు మానితే తిరిగొచ్చాక మొదటి వారాల మంట మళ్లీ పడాల్సి వచ్చింది.

ఇక ఫలితం. పైపై మంట, బట్ట తగిలితే వచ్చే బాధ సగానికి పైగా తగ్గాయి. ఇప్పుడు బనియన్ వేసుకుని పడుకోగలుగుతున్నాను. లోపల కరెంటు షాక్ కొట్టినట్టు వచ్చే పోట్లు మాత్రం పెద్దగా తగ్గలేదు, వాటికి మాత్రే దిక్కు. క్రీమ్ వాడకముందు మాత్ర డోసు పెంచక తప్పదనుకున్నాం, ఆ అవసరం రాలేదు. నా లెక్కలో క్రీమ్ చేసిన మేలు ఇదే. దీని మీద జరిగిన పరీక్షల్ని నేను కొంచెం అనుమానంగానే చూస్తాను. వాటిలో కొందరికి అసలు క్రీమ్, కొందరికి పోల్చి చూడ్డానికి మందు లేని ఉత్తి క్రీమ్ ఇస్తారు. ఉత్తి క్రీమ్ మండదు కదా, ఎవరికి ఏది ఇచ్చారో రోగికి ఇట్టే తెలిసిపోతుంది.

రాసుకున్నాక చేతులు నీళ్లతో కడిగితే పోదు, ఇది నూనెలో కరిగే పదార్థం. ముందు కొంచెం కొబ్బరినూనెతో తుడిచి, తర్వాత సబ్బుతో కడుగుతాను. గ్లౌజ్ వేసుకుంటే ఈ గొడవే లేదు. ఎండిన క్రీమ్ పొడి గాల్లోకి లేస్తే ఇంట్లోవాళ్లకు దగ్గు, కాబట్టి రాసుకున్న బనియన్ దులపకండి. పొక్కులు మానకముందు, పుండు మీద, కంటి దగ్గర అసలు వద్దు. షుగర్ వల్ల అరికాళ్ల మంటలకి మా బావగారు కూడా ఇదే వాడుతున్నారు. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి ఎక్కడైనా పగులు ఉందేమో చూసుకున్నాకే రాస్తారు.

కారప్పొడి నూనెలో కలిపి రాస్తే చాలదా అని అడిగేవాళ్లున్నారు. వద్దు. తేజ మిరపకూ బ్యాడిగి మిరపకూ కారంలో ఎంత తేడానో మార్కెట్ యార్డులో ఎవరినడిగినా చెబుతారు. చెంచాడు పొడిలో ఎంత కాప్సైసిన్ ఉందో ఇంట్లో ఎవరికీ తెలీదు, చర్మం బొబ్బలెక్కుతుంది.

8 శాతం ప్యాచ్ కూడా ఉంది. 2009లో అమెరికాలో ఈ నొప్పికే అనుమతి ఇచ్చారు. ఆస్పత్రిలో గంటసేపు అంటించి తీస్తే దాదాపు మూడు నెలలు పనిచేస్తుందట. నాకు వాడే అవకాశం రాలేదు, అందుకే దానికి మార్కులు వేయను. క్రీమ్‌కి అయిదుకు మూడున్నర. మా ఆవిడకి యాభై దాటాయి కాబట్టి అక్కి రాకుండా షింగ్రిక్స్ టీకా మొదటి డోసు వేయించాం. ఖరీదు గట్టిదే, రెండోది ఇంకా ఉంది.