ఆక్టేవియా డ్యాష్‌బోర్డ్, రేడియో లైట్లు ఆకుపచ్చ నుంచి నారింజకి మార్చాక: కొన్నేళ్ల వాడకం

మాది మొదటి తరం స్కోడా ఆక్టేవియా డీజిల్. మన దేశంలోకి 2001లో వచ్చిన మోడల్. స్కోడా ఫోక్స్‌వ్యాగన్ గ్రూపులోది, అప్పట్లో ఆ గ్రూపులో ఒక్కో బ్రాండ్‌కి ఒక్కో రంగు ఉండేది. ఫోక్స్‌వ్యాగన్‌లో నీలం అంకెలు, ఎర్ర ముళ్లు. ఆడీలో ఎరుపు. స్కోడాలో మీటర్, ఏసీ, రేడియో, కిటికీ స్విచ్‌లు అన్నీ ఆకుపచ్చ. పగలు చూస్తే బాగానే ఉంటుంది. నేను హైదరాబాద్, విజయవాడ మధ్య ఎక్కువగా రాత్రిళ్లే వెళ్తాను. సూర్యాపేట దాటాక రోడ్డు చీకటిగా ఉన్నచోట ఆ పచ్చ వెలుగు కళ్లకి ఇబ్బందిగా ఉండేది. డిమ్మర్ (డ్యాష్‌బోర్డ్ వెలుగు తగ్గించే నాబ్) బాగా తగ్గించినా సరే.

దీనికి కారణం ఉంది. చీకట్లో చూడ్డానికి పనికొచ్చే కంటి కణాలు సుమారు 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే నీలం-ఆకుపచ్చ ప్రాంతంలో, చాలా చురుగ్గా ఉంటాయి. 600 దాటిన వెలుగు, అంటే నారింజ, ఎరుపు, వాటికి పెద్దగా పట్టదు. బీఎండబ్ల్యూ దశాబ్దాలపాటు నారింజ రంగునే వాడింది. అందుకే తెలుపు, నీలం పక్కనపెట్టి నారింజ ఎంచుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా నా అభిప్రాయం అదే. నీలం ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది. మా బావమరిది కారులో ఆ రంగే వేయించారు. అది నడిపినప్పుడల్లా అంకెల అంచులు నాకు మసకగానే కనిపిస్తాయి. నీలం వెలుగుని కన్ను సరిగ్గా ఫోకస్ చేసుకోలేదు, వయసు పెరిగేకొద్దీ అది ఇంకా తెలుస్తుంది.

నారింజతో ఇంకో లాభం కరెంటు లెక్కలో ఉంది. పాత రకం పచ్చ ఎల్ఈడీకి దాదాపు 2 ఓల్టులు కావాలి, నారింజకీ అంతే. తెలుపు, నీలం ఎల్ఈడీలకి 3 ఓల్టులు, ఇంకొంచెం పైనే కావాలి. ఇలాంటి బోర్డుల్లో ఎల్ఈడీలు కొన్నింటిని వరసగా కలిపి ఉంచుతారు. నాలుగు పచ్చవి 8 ఓల్టులతో వెలుగుతాయి. వాటి స్థానంలో నాలుగు నీలాలు పెడితే 12 ఓల్టులు దాటిపోతుంది, బ్యాటరీ మీద సరిగ్గా వెలగనే వెలగవు. అప్పుడు రెసిస్టర్లు మార్చాలి, బోర్డు మీది ట్రాక్ (కరెంటు వెళ్లే రాగి గీత) కోసి వరసలు విడగొట్టాలి. నారింజకి వరసలు విడగొట్టే గొడవ లేదు. అయితే ఇప్పటి ఎల్ఈడీలు అదే కరెంటుకి పాతవాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగిస్తాయి. కాబట్టి కరెంటుని తగ్గించే రెసిస్టర్ విలువ పెంచడం మాత్రం తప్పనిసరి, లేకపోతే కళ్లు చెదురుతాయి. కోఠి గుజరాతీ గల్లీలో ఎల్ఈడీలు దొరుకుతాయి. అన్నీ ఒకే రీల్ నుంచి తీసుకోండి. ఆంబర్ అని రాసి ఉన్నవి అన్నీ ఒకటి కావు, 590 నానోమీటర్లది పసుపుగా ఉంటుంది, 605ది నారింజగా ఉంటుంది. రెండూ కలిస్తే స్పీడోమీటర్ ఒక వైపు ఒక రంగు, ఇంకో వైపు ఇంకో రంగు.

మీటర్ బయటికి తీయడం తేలిక. స్టీరింగ్ కిందికి దించి, చుట్టూ ఉన్న ఫ్రేమ్ లాగి, రెండు స్క్రూలు విప్పితే వచ్చేస్తుంది. టెన్షన్ అంతా ఆ తర్వాతే. ఈ కారులో ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకపోతే ఇంజిన్‌ని ఆపేసే దొంగతనం రక్షణ) మీటర్‌లోనే ఉంటుంది. బోర్డుకి ఏమైనా అయితే ఇంజిన్ స్టార్ట్ అయిన ఒకటి రెండు సెకన్లలోనే ఆగిపోతుంది. కారు ఎలక్ట్రీషియన్‌కన్నా, రోజూ సన్న టిప్ ఉన్న సోల్డరింగ్ ఐరన్‌తో బోర్డుల మీద పనిచేసే మొబైల్ రిపేర్ వాళ్లకి ఈ పని నప్పుతుంది. నేను అలాంటి అబ్బాయితోనే చేయించాను. ముళ్లు పీకే ముందు అవి ఆగి ఉన్న చోటు గుర్తుపెట్టుకోవాలి. బిగించాక ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని స్పీడు సరిచూసుకోవాలి. మీటర్ ఊడదీసి ఉండగా తాళం తిప్పకండి, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి స్కానర్ పెట్టేదాకా ఆరదు.

రేడియో మీదే ఎక్కువ సమయం పట్టింది. బటన్ల వెనక ఉన్నవి చాలా చిన్న ఎల్ఈడీలు. డిస్‌ప్లే వెనక రంగు ఫిల్మ్ ఉంటే అది తీయకుండా ఎల్ఈడీ మార్చడం దండగ, పచ్చ ఫిల్మ్‌లోంచి నారింజ వెలుగు సగం కూడా బయటికి రాదు. బ్యాటరీ వైరు తీసి మళ్లీ పెట్టగానే రేడియో తెర మీద 'SAFE' అని చూపించి కోడ్ అడుగుతుంది, అది ముందే వెతికి దగ్గర పెట్టుకోండి. ఇంత పని వద్దనుకుంటే, రంగు మార్చుకునే వీలున్న మోడల్స్ పయొనీర్, కెన్‌వుడ్‌లలో ఉన్నాయి. మెనూలో నారింజ పెట్టుకుంటే సరిపోతుంది. ఇల్యూమినేషన్ వైరు మాత్రం తప్పకుండా కలిపించండి. మామూలుగా అది నారింజ రంగు వైరు. అది లేకపోతే హెడ్‌లైట్లు వేసినా రేడియో వెలుగు తగ్గదు, డ్యాష్‌బోర్డ్‌లో అదొక్కటే వెలిగిపోతూ ఉంటుంది.

వార్నింగ్ లైట్ల జోలికి పోలేదు, మీరూ పోవద్దు. ఆయిల్ ప్రెషర్ ఎరుపు, హై బీమ్ నీలం, ఇంజిన్ లైటు పసుపు. ఏ కారు ఎక్కినా ఆ రంగులకి అర్థం ఒకటే.

ఇన్నేళ్లలో మీటర్‌లో ఒక్క ఎల్ఈడీ పోలేదు. మన ఎండల్లో అద్దాలు మూసి గంటలకొద్దీ పార్క్ చేసినా రంగు మారలేదు. డిమ్మర్ ముందులాగే మెత్తగా పనిచేస్తోంది. ఏసీ నాబ్‌ల వెనక ఉన్నది చిన్న ఫిలమెంట్ బల్బు, దానికి పచ్చ టోపీ. టోపీ తీసేసి బల్బు అలాగే ఉంచితే దాని సహజ వెలుగు నారింజకి దగ్గరగా కలిసిపోయింది. కిటికీ స్విచ్‌లకి ఒక షాపులో రెడీమేడ్ కిట్ కొన్నాను. ఏడాది తిరక్కుండానే వాటిలో రెండు సగం వెలుగుకి పడిపోయాయి. అవి మళ్లీ విడి ఎల్ఈడీలతో చేయించాల్సి వచ్చింది.

లోటు కూడా ఉంది. ఎర్ర ముళ్లు పచ్చ డయల్ మీద కొట్టొచ్చినట్టు కనపడేవి. నారింజ మీద అంతగా కనపడవు. పసుపు ఇంజిన్ లైటు, డీజిల్ హీటర్ (గ్లో ప్లగ్) గుర్తు కూడా చుట్టూ ఉన్న వెలుగులో కొంత కలుస్తాయి. వెలుగు తగ్గించి వాడితే ఇబ్బంది లేదు కానీ, పూర్తిగా పెంచి నడిపే అలవాటు ఉన్నవాళ్లు ఇది ఆలోచించుకోవాలి. ముళ్ల కింద ఎల్ఈడీలు తెల్లవి వేయిద్దామా అనుకున్నాను, ముల్లు ప్లాస్టిక్కే ఎర్రది కాబట్టి దానివల్ల ఉపయోగం లేదు.

వారంటీలో ఉన్న కొత్త కారుకి ఈ పని చేయించమని చెప్పను. మీటర్ స్థానంలో పూర్తి స్క్రీన్ ఉన్న కార్లకి అసలు అవసరమే లేదు, చాలావాటిలో సెట్టింగుల్లోనే రంగు మారుతుంది. పాత ఆక్టేవియా, పాత ఫాబియా ఉండి, రాత్రి ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లయితే ధైర్యంగా చేయించుకోండి. ఎల్ఈడీల ఖర్చు పెద్దగా ఉండదు, చేతి కూలీయే ఎక్కువ. అక్కడ మాత్రం బేరం ఆడకండి.