పాఠం సిద్ధం చేసుకోవడానికి ఫోనులో రెండు యాప్‌లు: సింపుల్‌మైండ్, అబ్సిడియన్

హైస్కూలులో సాంఘికశాస్త్రం చెప్పే నాకు పాఠం సిద్ధం చేసుకునే తీరిక ఎక్కువగా కనిగిరి, ఒంగోలు మధ్య బస్సు ప్రయాణంలోనే దొరుకుతుంది. ల్యాప్‌టాప్ తెరిచే వీలు అక్కడ ఉండదు కాబట్టి, పాఠాన్ని ఆలోచించి, వరుస కట్టుకుని, రాసి పెట్టుకునే పని అంతా ఫోనులోనే జరగాలి. ఇందుకోసం నేను నిలకడగా వాడుతున్నవి రెండు యాప్‌లు: మైండ్ మ్యాప్ గీయడానికి సింపుల్‌మైండ్, నోట్సు రాయడానికి అబ్సిడియన్. ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఐఫోన్లకూ రెండూ దొరుకుతాయి.

తెర మధ్యలో ఒక విషయాన్ని ఉంచి, దాని చుట్టూ కొమ్మలు, ఉపకొమ్మలు గీస్తూ పోయే మైండ్ మ్యాప్ పద్ధతి 1970లలో టోనీ బుజాన్ ప్రచారంతో బాగా వ్యాపించింది. ఇది పట్టికకన్నా ఎక్కడ మెరుగో తెలియాలంటే ప్రకాశం జిల్లా పాఠమే చాలు. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని ప్రాంతాలను విడదీసి ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేశారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. మ్యాపులో నెల్లూరు కొమ్మకు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వస్తాయి. గుంటూరు కొమ్మకు ఒంగోలు, అద్దంకి, చీరాల. కర్నూలు కొమ్మకు మార్కాపురం, గిద్దలూరు. ఇంతవరకు మూడు నిలువు గడుల పట్టిక కూడా చెప్పగలదు. అయితే గుంటూరు కొమ్మలో ఉన్న ఒంగోలు, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోదే. నెల్లూరు నుంచి వచ్చిన కందుకూరు 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో తిరిగి నెల్లూరు జిల్లాకే వెళ్లింది. అదే రోజు చీరాల, అద్దంకి కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో కలిశాయి. ఈ రాకపోకలు పట్టికలో ఇమడవు.

సింపుల్‌మైండ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన సౌకర్యం సరిగ్గా ఇక్కడే అక్కరకు వస్తుంది. ఏ కొమ్మలో ఉన్నవైనా సరే, రెండు అంశాలను కలుపుతూ ఒక అడ్డగీత గీసి, దాని మీద చిన్న మాట రాసుకోవచ్చు. ఒంగోలు నుంచి నెల్లూరుకు గీసిన గీత మీద 1904 అని, కందుకూరు గీత మీద 2022 అని రాసి, మ్యాపును చిత్రంగా మార్చి తరగతిలోని ఐఎఫ్‌పీ (గోడకు బిగించిన పెద్ద డిజిటల్ తెర) మీద చూపిస్తే, పిల్లలు తేదీలను బట్టీ పట్టే ముందే ‘ఎందుకు మార్చారు సార్’ అని అడుగుతున్నారు. ఉపాధ్యాయుడికి అంతకన్నా కావలసిందేముంది? జిల్లాల హద్దులు మళ్లీ మారినా మ్యాపంతా తిరగ గీయనక్కరలేదు, మరొక గీత చేర్చితే సరిపోతుంది.

ఫోను తెర చిన్నదన్న సంగతిని మాత్రం గుర్తుంచుకుని గీయాలి. ఒక్కో అంశానికి ఒకటి రెండు మాటలే రాయాలి, వాక్యాలు రాస్తే మ్యాపు బరువెక్కుతుంది. కొమ్మలు పెరిగిన కొద్దీ మొత్తం కనిపించేలా కుదిస్తే అక్షరాలు చదవరావు, అక్షరాలు చదివేలా పెంచితే మొత్తం కనిపించదు. కొమ్మలను మూసి, పనిలో ఉన్నదాన్ని మాత్రమే తెరిచి ఉంచుకునే ఏర్పాటు ఉన్నందువల్ల ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది. తెలుగు విషయంలో కొనే ముందు తప్పనిసరిగా చూసుకోవలసింది మరొకటి ఉంది. అంతకుముందు నేను వాడిన ఒక యాప్‌లో (పేరు అనవసరం) తెర మీద తెలుగు చక్కగానే కనిపించేది గానీ, పీడీఎఫ్‌గా మార్చగానే ఒత్తులు విడిపోయి ‘మార్కాపురం’ చదవడానికి వీల్లేకుండా తయారయ్యేది. కాబట్టి ఏ మ్యాప్ యాప్ అయినా ముందు ఒత్తులున్న నాలుగు మాటలు రాసి, ఉచిత కూర్పులో వీలున్నచోట బయటికి తీసి చూసిన తరువాతే డబ్బు కట్టాలి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి: సింపుల్‌మైండ్ ఉచిత కూర్పులో మ్యాప్ గీయడానికి కావలసిన ప్రాథమిక సౌకర్యాలే ఉంటాయి. అంశాలకు నోట్సు జోడించడం, ఫైలుగా ఇతరులకు పంపడం వంటివి కావాలంటే ప్రో కూర్పు కొనాలి. నెలనెలా చందా కాకుండా ఒకసారి చెల్లించే పద్ధతి కావడం జీతం మీద బతికేవారికి ఊరట.

ఇక అబ్సిడియన్ సంగతి. ఇది మొబైల్‌కు 2021లో వచ్చింది. రాసిన ప్రతి నోటూ మన ఫోనులోనే, ఒక ఫోల్డరులో మామూలు టెక్స్ట్ ఫైలుగా నిలిచి ఉంటుంది. ఖాతా తెరవనక్కరలేదు, నెట్ అక్కరలేదు. పొదిలి దాటాక సిగ్నల్ వచ్చిపోతూ ఉండే దారిలో ఇది ఎంత మేలో నాకు తెలుసు. ఎవర్‌నోట్ అనే మరో నోట్సు యాప్ 2023 డిసెంబరు నుంచి ఉచిత ఖాతాలకు 50 నోట్లు, ఒక్క నోట్‌బుక్ అనే పరిమితి పెట్టిన సంగతి తెలిసినవారు, నోట్సు మన చేతిలో ఉండడం ఎంత అవసరమో ఒప్పుకుంటారు. పలు పరికరాల మధ్య నోట్సును దానంతట అదే సమానంగా ఉంచే అబ్సిడియన్ సొంత సేవకు మాత్రం రుసుము ఉంది.

తెలుగులో నోట్సు రాసేవారికి అసలు కష్టం వెతుకులాటలో వస్తుంది. కంభం చెరువు, గుండ్లకమ్మ గురించి రాసుకున్న నోట్సులో ‘నీరు’ అని వెతికితే ‘నీటి పారుదల’ దొరకదు, ‘నీళ్లు’ దొరకదు. ‘ఊరు’ అని వెతికితే ‘ఊళ్లో’ దొరకదు. యాప్ అక్షరాలను పోల్చి చూస్తుందే తప్ప, అవన్నీ ఒకే మాట రూపాలని ఎరగదు. దీనికి నేను పాటిస్తున్న ఉపాయం ఇది: ప్రతి నోటు మొదటి పంక్తిలో విషయం పేరును రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య, ఎప్పుడూ ఒకే రూపంలో రాస్తాను. అబ్సిడియన్ దాన్ని లంకెగా గుర్తిస్తుంది. ‘నీరు’ పేరుతో ఉన్న నోటు తెరిచి, దానికి లంకె వేసిన నోట్ల జాబితా చూస్తే, లోపల ‘నీటి’ అని రాసినా ‘నీళ్లు’ అని రాసినా అన్నీ ఒకచోట కనిపిస్తాయి. పొడవైన నోట్సును గొంతుతో చెప్పి టైపు చేయించవచ్చు గానీ, పామూరు, పెద్దారవీడు వంటి ఊళ్ల పేర్లను తరువాత చేత్తో దిద్దుకోక తప్పదు.

కొత్తగా మొదలుపెట్టే ఉపాధ్యాయులు ముందు అబ్సిడియన్‌ను ఉచితంగా వాడి చూడాలని నా సలహా. ఒక పాఠానికి మ్యాప్ అవసరం నిజంగా కనిపించినప్పుడు సింపుల్‌మైండ్ ఉచిత కూర్పు దించుకుని, దానితో గీసిన మ్యాపును తరగతికి చూపించాల్సి వచ్చిన రోజు ప్రో కొనుక్కోవచ్చు. ఆలోగా నెలకొకసారైనా నోట్సు ఫోల్డరును కేబుల్‌తో బడి కంప్యూటరులోకి కాపీ చేసి పెట్టుకోవాలి. ఫైళ్లు మామూలు టెక్స్ట్ కాబట్టి అక్కడ నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటాయి.