రిటైల్ లింక్: కౌంటరు లెక్క సరఫరాదారు కళ్లముందు

అమెరికాలోని బెంటన్‌విల్ కేంద్రంగా నడిచే వాల్‌మార్ట్ 1991లో తన సరఫరాదారుల కోసం ప్రారంభించిన రిటైల్ లింక్ సేవ విలువ తెలియాలంటే, అది ఏ చిక్కును విప్పడానికి పనికొచ్చిందో ముందు చూడాలి. పసిపిల్లల డైపర్ల వాడకం వారం వారం పెద్దగా మారదు. అయినా దుకాణం కాస్త ఎక్కువ తెప్పించుకుంటే, గిడ్డంగి ఇంకొంత కలుపుకొని, ఆపైవారు మరికొంత కలుపుకొని ఆర్డరు పెట్టడం వల్ల, ఆ చిన్న కదలిక ఫ్యాక్టరీకి చేరేసరికి పెద్ద ఒడిదుడుకుగా మారుతుందని డైపర్లు తయారుచేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ గమనించింది. కౌంటరులో బార్‌కోడ్ చదవగానే నమోదయ్యే అమ్మకాన్ని, దుకాణాల వారీ నిల్వతో సహా, సరఫరాదారుకే చూపించడం ఈ ఊహాగానాన్ని చాలావరకు తగ్గిస్తుంది. ఈ సేవ అసలు బలం ఇదే.

పాత అమ్మకాల లెక్కలు అనుకోని సంగతులూ చెబుతాయి: తుపాను ముందు స్ట్రాబెర్రీ పాప్‌టార్ట్స్ అనే ప్యాకెట్ చిరుతిండికి గిరాకీ పెరుగుతుందని 2004లో వాల్‌మార్ట్‌కు తెలిసింది అలాగే.

లోపమూ ఉంది. దుకాణం అరలో సరుకే లేని రోజున అమ్మకం సున్నాగా నమోదవుతుంది కనుక, నిల్వ లెక్కతో పోల్చి చూడనివారికి అది గిరాకీ లేనట్టు కనిపిస్తుంది. ఇంత ఓపికగా చదవగల విశ్లేషకులను పెద్ద కంపెనీలు నియమించుకోగలవు గాని, చిన్న తయారీదారుకు అది భారమే. 2021లో వచ్చిన ల్యూమినేట్ అనే వాల్‌మార్ట్ డేటా సేవలో లోతైన విశ్లేషణకు రుసుము పెట్టడం ఆ భారాన్ని పెంచిందనే నా అభిప్రాయం.