ఆల్‌స్పైస్ పొడి: చిన్న డబ్బా చాలు

ముందే చెప్పేస్తాను, ఆల్‌స్పైస్ పొడి పెద్ద డబ్బా కొనకండి. నచ్చక చెప్పే మాట కాదు, కొన్నేళ్లుగా వాడుతున్నాను, అయిపోతే మళ్లీ తెచ్చుకుంటూనే ఉన్నాను. కానీ ఒక్కో వంటకి పట్టేది పావు టీస్పూను, మూత తీశాక పొడి వాసన గట్టిగా నిలిచేది కొన్ని నెలలు. పెద్ద డబ్బా తెస్తే సగం అయ్యేసరికి మిగిలేది గోధుమరంగు దుమ్మే.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇది నాలుగైదు దినుసులు కలిపి దంచిన మసాలా కాదు, ఒకే చెట్టు కాయ. పిమెంటా డయోయికా అనే ఆ చెట్టు పుట్టిల్లు కరీబియన్ దీవులు, మెక్సికో, మధ్య అమెరికా. కాయల్ని పచ్చిగా ఉండగానే కోసి ఎండబెడతారు, మిరియాల కన్నా కాస్త పెద్దగా ఉంటాయి. వాసన చూస్తే ముందు లవంగమే తగులుతుంది, రెండింట్లోనూ ప్రధానంగా ఉండేది యూజినాల్ అనే సువాసన పదార్థం కాబట్టి. ఆ వెనకే దాల్చినచెక్క, జాజికాయ, చివర్లో కొంచెం మిరియాల ఘాటు. లవంగంలా మిగతా రుచులన్నిటి మీదా ఎక్కి కూర్చోదు, నాకు ఇందులో నచ్చేది అదే.

బేకింగ్‌లో దీనికి తిరుగులేదు. గుమ్మడి, యాపిల్, క్యారట్, అరటిపండు, అల్లం, వీటిలో ఏ కేకయినా సరే, 250 గ్రాముల పిండికి పావు టీస్పూనుతో మొదలుపెట్టండి, అలవాటయ్యాక అర టీస్పూను దాకా వెళ్లొచ్చు, అంతకు మించితే చేదు, వగరు మొదలవుతాయి, నాలుక మీద మందుల షాపు వాసన. పిండిలో కలిపి జల్లించడం అందరూ చేసేదే, నేను మాత్రం వెన్న, చక్కెర గిలక్కొట్టేటప్పుడే వేస్తాను, సువాసన కొవ్వులో బాగా కరుగుతుంది, కేకంతా సమానంగా పడుతుంది. ఇంకోటి, కేకు వేడిగా ఉన్నప్పుడు రుచి చూసి 'అబ్బే, తెలియట్లేదు' అనుకుని మరుసటిసారి మోతాదు పెంచేయకండి, మర్నాటికి అది బాగా పైకొస్తుంది. చాక్లెట్‌లో చిటికెడు బాగుంటుంది. తెల్లటి వెనీలా స్పాంజ్‌లో మాత్రం వద్దు, రంగు మురికిగా మారుతుంది, వెనీలా అడ్రస్ ఉండదు.

ఇక వంట సంగతి. మసాలా పట్టించి నిప్పుల మీద కాల్చే జమైకా జెర్క్ చికెన్‌కి ఇదే ప్రాణం, థైమ్ అనే సువాసన ఆకు, బాగా ఘాటైన స్కాచ్ బానెట్ మిరపకాయలతో కలిపి ముక్కలకి పట్టిస్తారు, అక్కడ చిటికెళ్ల లెక్క నడవదు, ధారాళంగానే వేయాలి. కీమా ఉండలు, టమాటా సాస్, బీన్స్, చిక్కటి సూప్, వీటిలో మాత్రం చిటికెడు చాలు. స్వీడన్ వాళ్ల మీట్‌బాల్స్‌లోనూ, లెబనాన్, సిరియా వైపు కీమా వంటల్లోనూ ఇది మామూలే. జాగ్రత్త ఏంటంటే, కాగిన నూనెలో నేరుగా పొడి వేస్తే క్షణాల్లో మాడి చేదెక్కుతుంది. ఉల్లిపాయ మెత్తబడ్డాక మంట తగ్గించి పొడి వేయండి, ఒకసారి కలిపి వెంటనే టమాటానో నీళ్లో పోసేయండి. గంటలకొద్దీ ఉడికేవాటికి పొడి కన్నా నాలుగు కాయలు వేసి చివర్లో ఏరేయడం మేలు. వెనిగర్ ఊరగాయల్లో అయితే కాయలే వేయాలి, పొడి వేస్తే ద్రవం మసకబారి చూడ్డానికి బాగోదు.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. దినుసుల చోట ఒక్క పేరే ఉండాలి. నేను తెచ్చిన ఒక డబ్బా మూత తీస్తే దాల్చినచెక్క తప్ప ఇంకేమీ వాసన రాలేదు, అది మళ్లీ కొనలేదు. ఇంట్లో ఉన్న పాత పొడి పనికొస్తుందో లేదో తేల్చాలంటే వేళ్ల మధ్య నలిపి చూడండి, ముక్కు దగ్గరకి తెచ్చినా ఏమీ తెలియకపోతే మోతాదు రెట్టింపు చేసినా లాభం లేదు, వాసన పోయినా వగరు పోదు కాబట్టి పారేయడమే. పొయ్యి పక్కన పెట్టొద్దు, గాజు సీసాలో పోసి చీకటి అల్మారాలో పెట్టండి. ప్లాస్టిక్ డబ్బాకి వాసన పట్టిందంటే తర్వాత అందులో ఇంకేమీ దాచలేం.

అయిపోయిన రోజున దాల్చినచెక్క పొడి రెండు వంతులు, లవంగం, జాజికాయ చెరో వంతు కలిపితే కేకుల్లో పని గడిచిపోతుంది. జెర్క్‌కి ఆ సర్దుబాటు కుదరదు.

ఇప్పుడు నా పద్ధతి ఏంటంటే, బేకింగ్‌కి చిన్న డబ్బా పొడి, మిగతా వంటకి కాయలు. కాయలు పెళుసు, మిక్సీ చిన్న జార్‌లో ఇట్టే నలుగుతాయి, మిరియాల మరలో మాత్రం పెద్ద కాయలు ఇరుక్కుంటాయి. ఇంట్లో కొట్టిన పొడిలో తొక్క పలుకులు మిగులుతాయి, కస్టర్డ్ లాంటి నున్నటివాటిలో అవి పంటికి తగులుతాయి కాబట్టి జల్లించి వేయండి, జల్లెడలో మిగిలిన రవ్వ కీమాలోకి బాగానే పనికొస్తుంది.